మాటా, బలమూ: అమెరికా విదేశాంగ విధానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ, వార్తల్లో ఆంక్షలు, మినహాయింపు, డెమార్ష్ లాంటి మాటల దగ్గర ఆగిపోయేవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వివరాలన్నీ 2025 చివరి వరకు జరిగినవాటికే పరిమితం.

దౌత్యం విఫలమైతేనే బలప్రయోగం మొదలవుతుందా?

సామ దాన భేద దండోపాయాలని వరసగా చదువుకున్నాం కాబట్టి మనకు అలా అనిపిస్తుంది. వాషింగ్టన్‌లో ఆ వరస ఉండదు. నాలుగూ ఒకేసారి నడుస్తాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. నాలుగు రోజుల్లో భద్రతా మండలి ఆంక్షలు విధించింది, ఆ వెంటనే అమెరికా సైన్యం సౌదీలో దిగడం మొదలైంది. విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఓట్ల కోసం దేశాలు తిరిగారు. నవంబర్ 29న బలప్రయోగానికి అనుమతిచ్చే 678వ తీర్మానం 12–2 తేడాతో నెగ్గింది. వ్యతిరేకించినవి క్యూబా, యెమెన్. చైనా ఓటింగ్‌కు దూరంగా ఉంది. యెమెన్‌కు అందాల్సిన అమెరికా సహాయం దాదాపు పూర్తిగా ఆగిపోయింది. గడువు జనవరి 15. అది దగ్గరపడ్డాక కూడా, జనవరి 9న, బేకర్ జెనీవాలో ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్‌తో కూర్చున్నారు. యుద్ధానికైన ఖర్చు సుమారు 61 బిలియన్ డాలర్లయితే, అందులో 54 బిలియన్ల దాకా మిత్రదేశాలే భరించాయి. అంత డబ్బు రాబట్టింది సైన్యం కాదు, దౌత్యం.

2003లో దీనికి తిరగబడ్డ బొమ్మ కనిపిస్తుంది. ఉత్తరం వైపు నుంచి ఇరాక్‌లోకి వెళ్లడానికి టర్కీ దారి కావాలి. మార్చి 1న టర్కీ పార్లమెంటులో అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డాయి. 19 మంది తటస్థంగా ఉండటంతో హాజరైనవారిలో సగానికి మించి మద్దతు రాలేదు, తీర్మానం వీగింది. 4వ పదాతి దళం సామాగ్రితో మధ్యధరాలో ఎదురుచూస్తున్న ఓడలు సూయజ్ దాటి కువైట్‌కు చుట్టు తిరిగి వెళ్లాల్సొచ్చింది.

బెదిరింపు ఫలించాలంటే అందులో ఏముండాలి?

ఏం చేయాలో స్పష్టంగా చెప్పాలి. ఎప్పటిలోగా చేయాలో చెప్పాలి. చేయకపోతే దెబ్బ పడుతుందన్న నమ్మకం ఉండాలి. చేస్తే ఆ దెబ్బ పడదన్న నమ్మకం కూడా ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదాన్నే. మిగతా మూడూ ఎంత గట్టిగా ఉన్నా ఇది లేకపోతే ఎదుటివాడికి లొంగడానికి కారణమే ఉండదు. లొంగినా కొడతారనుకుంటే మొండికేయడమే మేలనుకుంటాడు.

1962 క్యూబా సంక్షోభాన్ని కళ్లలోకి కళ్లు పెట్టి చూసి గెలిచిన కథగా చెబుతుంటారు. జరిగింది వేరు. అక్టోబర్ 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన ఫొటోల్లో సోవియట్ క్షిపణుల స్థావరాలు కనిపించాయి. 22న అధ్యక్షుడు కెనడీ నౌకా దిగ్బంధం ప్రకటించారు. కానీ ఆ పేరు పెట్టలేదు, క్వారంటైన్ అన్నారు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం దిగ్బంధం యుద్ధచర్య కిందికి వస్తుంది మరి. 27వ తేదీ సాయంత్రం ఆయన తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిసి రెండు మాటలు చెప్పారు: క్యూబాపై దాడి చేయం, టర్కీలోని మా జూపిటర్ క్షిపణులను కొన్ని నెలల్లో తీసేస్తాం, కానీ ఆ సంగతి బయటికి రాకూడదు. మర్నాడే సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గారు. టర్కీలోని 15 జూపిటర్లూ 1963 ఏప్రిల్‌కల్లా దిగిపోయాయి. రహస్య హామీ దశాబ్దాల పాటు గుట్టుగా ఉండటంతో, గట్టిగా నిలబడితే చాలన్న తప్పుడు పాఠమే తరవాతి తరం నేర్చుకుంది.

కృష్ణ రాయబారంలో అడిగింది అయిదూళ్లు. అడిగినదానికి కొలత ఉంది. 1971 డిసెంబర్‌లో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఆ కొలతే లేదు. భారత్ ఏం చేస్తే ఓడ వెనక్కి వెళుతుందో ఎవరూ చెప్పలేదు. ఆగస్టులోనే కుదిరిన సోవియట్ ఒప్పందం ఢిల్లీకి అండగా ఉంది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. ఆ ఓడ సాధించింది ఒక్కటే: మన జ్ఞాపకాల్లో అర్ధ శతాబ్దం నిలిచిపోయిన అపనమ్మకం.

నిర్ణయాలు తీసుకునేదెవరు? విదేశాంగ మంత్రా, అధ్యక్షుడా?

అధ్యక్షుడే. 1947 చట్టంతో ఏర్పడిన జాతీయ భద్రతా మండలి ఆయన ముందుకు ప్రతిపాదనలను తెస్తుంది. కింద శాఖల అధికారుల కమిటీ, దానిపైన డిప్యూటీల కమిటీ, ఆపైన మంత్రుల స్థాయి కమిటీ. విదేశాంగ శాఖలో ఒక్కో దేశానికి డెస్క్ ఆఫీసర్ ఉంటారు. కాగితం చాలాసార్లు అక్కడే పుడుతుంది, తరవాత రక్షణ, ఆర్థిక, వాణిజ్య శాఖలు సరేనంటేనే కదులుతుంది. వాటిలో ఒక్కటి అడ్డం తిరిగినా వారాల తరబడి ఆగిపోతుంది.

రాయబార కార్యాలయం రోజూ చేసే పనేమిటి?

వీసాలు పక్కన పెడితే ముఖ్యమైన పని డెమార్ష్. అంటే తమ ప్రభుత్వం తరఫున ఒక విషయాన్ని అధికారికంగా అవతలి ప్రభుత్వం ముందుంచడం. వాషింగ్టన్ నుంచి కేబుల్, అంటే అధికారిక సందేశం, వస్తుంది. ఏం సాధించాలి, ఏ మాటలు చెప్పాలి, ఏ స్థాయి అధికారిని కలవాలి, నాన్ పేపర్ వదిలి రావచ్చా, ఎప్పటిలోగా జవాబు పంపాలి అన్నీ అందులోనే ఉంటాయి. నాన్ పేపర్ అంటే తలకట్టు, సంతకం, ముద్ర లేని కాగితం. రేపు కాదనుకోవడానికి వీలుగా అలా ఉంచుతారు.

తేడా ఎక్కడ వస్తుందంటే, ఒకే మూసలో రాసిన కేబుల్‌ను ఒకే రోజు డజన్ల రాజధానులకు పంపినప్పుడు. అది ఏ కింది స్థాయి అధికారి బల్ల మీదో పడి, "పరిశీలిస్తాం" అన్న జవాబుతో ముగుస్తుంది. స్థానిక ప్రభుత్వానికి ఏ మాట ఎక్కుతుందో తెలిసిన రాయబారికి దాన్ని మార్చుకునే వెసులుబాటు ఇస్తే ఫలితం వేరు.

కోపం చూపడానికీ మెట్లున్నాయి: పిలిపించి నిరసన చెప్పడం, రాయబారిని సంప్రదింపుల పేరుతో వెనక్కి రప్పించడం, దౌత్యవేత్తలను బహిష్కరించడం, కాన్సులేట్ మూసివేత. 2020 జులైలో హ్యూస్టన్‌లోని చైనా కాన్సులేట్‌ను అమెరికా మూయించింది, రోజుల వ్యవధిలో చెంగ్డూలోని అమెరికా కాన్సులేట్‌ను చైనా మూయించింది. ఇలాంటి పనికి సరిసమానంగా బదులు వస్తుందని ముందే లెక్కేసుకోవాలి.

ట్రీటీకీ, ఎగ్జిక్యూటివ్ అగ్రిమెంట్‌కూ తేడా ఏమిటి?

ట్రీటీకి అమెరికా ఎగువ సభ సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఈ గడప దాటలేకే వర్సాయ్ సంధి 1919లో ఒకసారి, 1920లో మరోసారి వీగిపోయింది. అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందం 1999 అక్టోబర్‌లో 48–51తో ఓడింది. అందుకే అధ్యక్షులు ఎక్కువగా ఎగ్జిక్యూటివ్ అగ్రిమెంట్లతో సరిపెడతారు. వాటికి సెనేట్ ఆమోదం అక్కర్లేదు, 1972 నాటి చట్టం ప్రకారం కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, తెలియజేస్తే చాలు. వీటికన్నా కింది మెట్టు రాజకీయ హామీ. చట్టపరంగా దానికి కట్టుబడాల్సిన పనే లేదు.

కింది మెట్టు మీద ఉన్న మాట తొందరగా కుదురుతుంది, అంతే తొందరగా చెదురుతుంది. అవతలి దేశం ఈ తేడాను మనకన్నా శ్రద్ధగా చూస్తుంది.

ఆంక్షలు అసలు ఎలా పనిచేస్తాయి?

ఎక్కువ భాగం 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం మీద నడుస్తాయి. అధ్యక్షుడు ఫలానా విషయంలో జాతీయ అత్యవసర పరిస్థితి ఉందని ప్రకటించి ఉత్తర్వు జారీ చేస్తారు. దాన్ని అమలు చేసేది ఆర్థిక శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం, వాడుకలో ఒఫాక్. వ్యక్తులు, కంపెనీలు, ఓడలు, విమానాలను అది ఎస్‌డీఎన్ అనే ఆంక్షల జాబితాకు ఎక్కిస్తుంది. పేరు ఎక్కిన క్షణం నుంచి అమెరికా పరిధిలోని ఆస్తులు స్తంభిస్తాయి. బ్యాంకు ఆ సంగతిని 10 పనిదినాల్లో నివేదించాలి.

చాలామంది జారిపడేది 50 శాతం నియమం దగ్గర. జాబితాలో ఉన్నవాళ్లకు ఒక కంపెనీలో కలిపి సగం, అంతకు మించి వాటా ఉంటే, ఆ కంపెనీ పేరు జాబితాలో లేకున్నా ఉన్నట్టే లెక్క. ఒకరిది 30, మరొకరిది 25 అయినా సరే. కాబట్టి జాబితాలో పేరు వెతికి, లేదని ఊపిరి పీల్చుకుంటే చాలదు. యాజమాన్యం ఎవరిదో తవ్వాలి. తెలియక చేశామన్నా సివిల్ జరిమానా తప్పదు. కావాలని చేస్తే 20 ఏళ్ల దాకా జైలు. 2025 మార్చి నుంచి రికార్డులు 5 ఏళ్లకు బదులు 10 ఏళ్లు దాచాలి.

అమెరికాతో సంబంధం లేని కంపెనీలు కూడా ఎందుకు భయపడతాయి?

డాలర్ వల్ల. ముంబై కంపెనీ దుబాయ్ కంపెనీకి డాలర్లలో చెల్లిస్తే, ఆ డబ్బు సాధారణంగా రెండు బ్యాంకులకూ న్యూయార్క్‌లో ఉన్న కరస్పాండెంట్ ఖాతాల (అక్కడి బ్యాంకుల్లో ఇవి తెరిచిన ఖాతాల) మీదుగానే కదులుతుంది. అక్కడ కాలుపెట్టిన క్షణమే అమెరికా చట్టం వర్తిస్తుంది. సూడాన్, ఇరాన్, క్యూబా పేర్లు కనపడకుండా చెల్లింపు సందేశాలను దిద్దినందుకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా 2014లో నేరం ఒప్పుకుని 8.9 బిలియన్ డాలర్ల దాకా కట్టింది.

డాలర్ ముట్టకుండా వ్యాపారం చేసినా వదలనివి సెకండరీ ఆంక్షలు. వాళ్లతో వ్యాపారమా, మాతోనా, ఎంచుకో అనడమే వాటి సారాంశం. 2018 నవంబర్‌లో ఇరాన్ చమురు కొనడానికి భారత్ సహా 8 దేశాలకు 180 రోజుల మినహాయింపు ఇచ్చి, 2019 మే 2తో ఆపేశారు. భారత రిఫైనరీలు కొనుగోలు మానుకున్నాయి. ఒక్క సైనికుడూ కదలలేదు.

ఆంక్షలు ఎత్తేయడం అంత కష్టమా?

విధించడం కన్నా చాలా కష్టం. 1979 నవంబర్‌లో ఇరాన్ విషయంలో ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఏటా పొడిగిస్తూనే వచ్చారు. క్యూబాపై 1962లో మొదలైన వాణిజ్య నిషేధాన్ని 1996లో కాంగ్రెస్ చట్టంగా బిగించేసింది. ఆ ముడి విప్పడం ఇక అధ్యక్షుడి చేతిలో లేదు.

అన్నిటికన్నా చిత్రమైనది మకావ్‌లోని బాంకో డెల్టా ఏషియా కథ. 2005 సెప్టెంబర్‌లో ఈ చిన్న బ్యాంకును మనీ లాండరింగ్ అనుమానంతో అమెరికా ఆర్థిక శాఖ వేలెత్తి చూపింది. ఉత్తర కొరియావి సుమారు 25 మిలియన్ డాలర్లు అందులో ఇరుక్కున్నాయి. అంత చిన్న మొత్తం కోసం ప్యాంగ్‌యాంగ్ అణుచర్చలు ఆపేసింది, 2006 అక్టోబర్‌లో తొలి అణుపరీక్ష జరిపింది. 2007 ఫిబ్రవరిలో రాజీ కుదిరి, డబ్బు తిరిగివ్వడానికి వాషింగ్టన్ ఒప్పుకుంది. కానీ మార్చిలో అదే బ్యాంకుతో అమెరికన్ బ్యాంకులు లావాదేవీలు చేయరాదన్న నిబంధనను ఖరారు చేసింది. ఇక ఆ డబ్బు ముట్టుకోవడానికి ప్రపంచంలో ఏ బ్యాంకూ ముందుకు రాలేదు. చివరకు జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ స్వయంగా పూనుకుని, రష్యా కేంద్ర బ్యాంకు మీదుగా పంపింది. భయం సృష్టించడానికి ఒక్క నోటీసు చాలింది, ఆ భయాన్ని పోగొట్టడానికి రెండు కేంద్ర బ్యాంకులు కావాల్సి వచ్చాయి.

2016లో ఇరాన్‌కూ ఇదే ఎదురైంది. అణు ఒప్పందంతో ఆంక్షలు సడలాయని విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ లండన్‌లో యూరప్ బ్యాంకర్లకు నచ్చజెప్పాల్సి వచ్చింది. పెద్ద బ్యాంకులు కదలలేదు. జరిమానా వేసే శాఖ వేరు, అభయమిచ్చే శాఖ వేరు అని వాళ్లకు తెలుసు.

ఇరాన్ అణు ఒప్పందం ఎక్కడ చెడింది?

2015 జులై 14న వియన్నాలో కుదిరిన ఒప్పందం సాంకేతికంగా గట్టిదే. యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు, నతాంజ్ కేంద్రంలో యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు 5,060 మాత్రమే తిరగాలి. బలహీనత అమెరికా వైపు ఉంది. అది ట్రీటీ కాదు, ఎగ్జిక్యూటివ్ అగ్రిమెంట్ కూడా కాదు, ఎవరూ సంతకం చేయని రాజకీయ హామీ. సెప్టెంబర్‌లో సెనేట్‌లో 58 మంది దానికి వ్యతిరేకంగా నిలిచారు. తిరస్కరణ తీర్మానాన్ని ఓటుకు తేవడానికి 60 కావాలి కాబట్టి ఒప్పందం బతికింది. వందలో 42 మంది అండతో నిలిచిన హామీ ఎన్నాళ్లుంటుందో టెహ్రాన్ ఊహించలేనిది కాదు.

2018 మే 8న ట్రంప్ బయటికొచ్చారు. ఇరాన్ ఏడాది ఆగి, 2019 జులై నుంచి పరిమితులు దాటుతూ పోయి, 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధికి చేరింది. 2025 జూన్ 22న ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ కేంద్రాలపై అమెరికా బాంబులు వేసింది. సెప్టెంబర్ చివర్లో ఐరాస ఆంక్షలు తిరిగొచ్చాయి. అప్పటికి ఇరాన్‌పై వేయని ఆంక్ష అంటూ పెద్దగా మిగల్లేదు. తూటాలన్నీ పేల్చేశాక తుపాకీ చూపించి ప్రయోజనం ఉండదు.

లిబియా సంగతీ ఇక్కడే గుర్తుకు తేవాలి. 2003 డిసెంబర్‌లో గడాఫీ విధ్వంసక ఆయుధాల కార్యక్రమాన్ని వదులుకున్నారు. 2011లో నాటో దాడుల మధ్య పదవినీ, ప్రాణాన్నీ పోగొట్టుకున్నారు. ఉత్తర కొరియా ఆ ఉదంతాన్ని పదే పదే ఎత్తి చూపుతుంది.

ఆయుధాల అమ్మకం వ్యాపారమా, దౌత్యమా?

రెండూ. ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి జరిగే అమ్మకాల్లో కొనే దేశం ముందు అభ్యర్థన లేఖ ఇస్తుంది. విదేశాంగ శాఖ అనుమతిస్తుంది. మొత్తం విలువ 50 మిలియన్ డాలర్లు, లేదా ప్రధాన రక్షణ పరికరాల విలువ 14 మిలియన్లు చేరితే కాంగ్రెస్‌కు 30 రోజుల ముందు తెలపాలి. నాటో దేశాలకూ, జపాన్, ఇజ్రాయెల్ వంటి అతి సన్నిహిత దేశాలకూ 15 రోజులు చాలు. ఆ తరవాత అంగీకార పత్రం. భారత్ కొన్న 31 ఎంక్యూ-9బీ డ్రోన్ల సంగతి కాంగ్రెస్‌కు 2024 ఫిబ్రవరి 1న చేరింది, సంతకాలు అక్టోబర్ 15న జరిగాయి.

కొన్నాక కూడా అవి ఎక్కడున్నాయో, ఎలా వాడుతున్నారో అమెరికా తనిఖీ చేస్తుంది. విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ దశాబ్దాల పాటు అక్కడి నుంచే రావాలి. అసలు పట్టు అదే. ఇక్కడ మనవైపు నుంచి కొద్దిగా లాగే తాడు కూడా ఉంది: అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు హైదరాబాద్‌లోనే తయారవుతాయి.

సైన్యాన్ని పంపాలంటే అధ్యక్షుడు అనుమతి తీసుకోవాలా?

యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. చివరిసారి ప్రకటించింది 1942 జూన్‌లో. 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానం ప్రకారం బలగాలను దించిన 48 గంటల్లో తెలపాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో, అవసరమైతే మరో 30 రోజుల్లో వెనక్కి రప్పించాలి. అధ్యక్షులు నివేదికలు పంపుతారు గానీ, ఆ గడువుకు కట్టుబడి ఉన్నామని మాత్రం ఒప్పుకోరు.

విమానవాహక నౌకలు 11 ఉంటే ఒకేసారి ఎన్ని పంపగలరు?

మామూలు రోజుల్లో మూడు, నాలుగు. మిగతావి మరమ్మతుల్లోనో, శిక్షణలోనో ఉంటాయి. కాబట్టి ఒక నౌకను పశ్చిమాసియాకు పంపారంటే పసిఫిక్‌లో ఎక్కడో ఖాళీ ఏర్పడ్డట్టే.

సహాయం కూడా సాధనమేనా?

పీఎల్-480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద వచ్చిన గోధుమలు తిన్న తరానికి వేరే చెప్పక్కర్లేదు. 1965–67 కరవు రోజుల్లో అధ్యక్షుడు జాన్సన్ ఓడలను ఏడాదికోసారి కాక, నెలకు ఇంత అని కొలిచి వదిలారు. వ్యవసాయ విధానం మార్చాలన్నది ఒక షరతు, వియత్నాంపై ఢిల్లీ విమర్శలు ఇంకో చికాకు. గింజలు వచ్చాయి గానీ కృతజ్ఞత రాలేదు. స్వయంసమృద్ధి పట్టుదల మాత్రం పెరిగింది. పొలం గట్ల మీది వయ్యారిభామ కలుపు ఆ గోధుమలతోనే వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1961లో పుట్టిన యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో ఆగిపోయింది, మిగిలిన పనులు విదేశాంగ శాఖలో కలిశాయి. విదేశీ సహాయం మొత్తం సమాఖ్య బడ్జెట్‌లో ఒక శాతం అటూ ఇటూ.

భారత్ మీద ఈ సాధనాలు ఎలా పనిచేశాయి?

1998 మే పోఖ్రాన్ పరీక్షల తరవాత ఆంక్షలు చట్టప్రకారం వాటంతటవే పడ్డాయి. రెండు నెలలు తిరిగేసరికి, తమ రైతుల అమ్మకాలు దెబ్బతింటాయని ఆహార ఎగుమతుల రుణాలను కాంగ్రెస్ మినహాయించింది. తాళం వేసినవాళ్లే కిటికీ తెరిచిన మొదటి సందర్భం కాదది. ఆ పైన మన తరఫున జస్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బట్ 7 దేశాల్లో 14 విడతలు మాట్లాడుకున్నారు. 2001 సెప్టెంబర్‌లో ఆంక్షలు తొలగాయి. అణ్వస్త్రాలు పోలేదు, సంబంధం మాత్రం మెరుగుపడింది.

రష్యా ఎస్-400 క్షిపణులు కొన్నందుకు 2020 డిసెంబర్‌లో టర్కీపై ఆంక్షలు పడ్డాయి. అవే కొన్న భారత్‌పై పడలేదు. ఒకే చట్టం, రెండు ఫలితాలు. తేడా అంతా చైనాకు ఎదురుగా భారత్ కావాలన్న లెక్కలో ఉంది.

2025 ఆగస్టు 27న రష్యా చమురు పేరుతో అదనంగా 25 శాతం సుంకం వేసి, మొత్తాన్ని 50 శాతానికి చేర్చారు. దెబ్బ తగిలింది చమురు కొన్నవాళ్లకు కాదు, భీమవరం, కాకినాడ వైపు రొయ్యల చెరువులకు. ఆంక్షల్లో ఈ గురి తప్పడం మామూలే.

సంతకం అయినా పని కాని ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. భారత్, అమెరికాల పౌర అణు ఒప్పందం 2008 అక్టోబర్‌లో పూర్తయింది. అమెరికా వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు అక్కడ పెట్టాలనుకున్నారు. 2010 నాటి అణు బాధ్యత చట్టంలోని 17(బి) సెక్షన్, ప్రమాదం జరిగితే పరికరాలు అమ్మిన కంపెనీని కూడా బాధ్యత అడగవచ్చంది. దాంతో ఏళ్ల తరబడి అడుగు ముందుకు పడలేదు.

ఆంక్షలు ఎత్తేశారన్న వార్త వస్తే ఏం చూడాలి?

ఏ కాగితంతో ఎత్తేశారో చూడాలి. జనరల్ లైసెన్స్ (కొన్ని లావాదేవీలకు అందరికీ కలిపి ఇచ్చే అనుమతి) అయితే ఒఫాక్ రేపు ఉపసంహరించుకోవచ్చు. మినహాయింపు అయితే గడువు ఉంటుంది. అధ్యక్ష ఉత్తర్వు అయితే తదుపరి అధ్యక్షుడు మార్చవచ్చు. చట్టం రద్దయితేనే ఆ తలుపు నిజంగా తెరుచుకున్నట్టు.

సిరియా విషయంలో ఈ నాలుగూ వరసగా కనిపించాయి. 2025 మే 13న రియాద్‌లో ట్రంప్ ప్రకటన చేశారు. మే 23న జనరల్ లైసెన్స్ 25తో పాటు, సిరియాపై ఆంక్షలు వేసిన సీజర్ చట్టానికి 180 రోజుల మినహాయింపు వచ్చింది. జూన్ 30న ఆంక్షల కార్యక్రమాన్ని ముగిస్తూ ఉత్తర్వు వెలువడింది. సీజర్ చట్టం మాత్రం డిసెంబర్‌లో కాంగ్రెస్ రద్దు చేసేదాకా అలాగే ఉంది. పదేళ్ల పెట్టుబడి పెట్టాల్సిన కంపెనీ మే నెల నుంచి ఎదురుచూసింది ఆ చివరి కాగితం కోసమే.